పెరటి కోళ్లకు పేలు, నల్లులు పడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి వెనుక నాలుగు పెట్టలు, ఒక పుంజు పెంచుకునేవారు మొదలుకొని వనరాజా, గ్రామప్రియ, అసీల్ కోళ్లను యాభై దాకా తిప్పుకునేవారి వరకు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య ఇది. మందు దొరకక కోళ్లు నష్టపోవడం అరుదు. పురుగు ఒకచోట ఉంటే మందు మరోచోట వేయడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

పేలు, నల్లులు ఒకటే కదా? వేరు చేసి చూడవలసిన అవసరం ఏమిటి?

కోడి ఒంటి మీద పాకే ప్రతి చిన్న పురుగునూ మనం పేను అనే అంటాం. పొదుగులో ఉన్న పెట్టను గంపలో నుంచి ఎత్తగానే మన మోచేతుల దాకా పాకి ఒళ్లంతా దురద పుట్టించే, పొడి చల్లినంత సన్నని పురుగులను కూడా కోడిపేలు అనే పిలుస్తాం. నిజానికి అవి పేలు కావు, నల్లులు. మంచాల్లో దాగే నల్లులతో వాటికి సంబంధం లేదు. మిరప, వంగ తోటల్లో రైతులు చూసే ఎర్రనల్లి ఏ కోవకు చెందిందో ఇవీ ఆ కోవకే చెందుతాయి. మందుల సీసాల మీద వీటిని మైట్లు అని రాస్తారు.

పేనుకు ఆరు కాళ్లు, ఎదిగిన నల్లికి ఎనిమిది కాళ్లు ఉంటాయి. అయితే కాళ్ల లెక్క కన్నా కాపురం ఎక్కడన్నది ముఖ్యం. పేను పుట్టేది, గుడ్లు పెట్టేది, చచ్చేది అంతా కోడి ఒంటి మీదే. ఈకల పొట్టును, చర్మపు పొలుసులను తింటూ బతికే ఈ పురుగు కోడి నుంచి కింద పడితే సాధారణంగా వారంలోపే చనిపోతుంది. నల్లులు రక్తం తాగుతాయి. వాటిలో కోళ్ల ఎర్రనల్లి అనే రకం (పంటల మీది ఎర్రనల్లి వేరు) పగలంతా గూటి పగుళ్లలో, కోళ్లు కూర్చునే దండెం కర్ర కింద, గోడ సందుల్లో దాగి రాత్రి మాత్రమే కోడి మీదికి ఎక్కుతుంది. ఆహారం లేకపోయినా నెలల తరబడి బతకగలదు. కాబట్టి పేలకు కోడి ఒంటికి చికిత్స చేయాలి, ఎర్రనల్లికి గూటికి చికిత్స చేయాలి. ఈ తేడా తెలియకుండా పగటిపూట కోడికి ఎంత మందు పట్టించినా రాత్రికి గోడలోంచి కొత్త దండు దిగుతూనే ఉంటుంది.

మా కోళ్లకు పట్టినవి ఏవో ఎలా గుర్తించాలి?

కోడిని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, ఎండ వెలుతురులో మలద్వారం చుట్టూ ఉన్న ఈకలను రెండు చేతులతో విడదీసి చూడాలి. పేలైతే గడ్డి రంగులో, చదునుగా, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుతో ఉండి, వెలుతురు తగలగానే చకచకా ఈకల మొదళ్లలోకి పారిపోతాయి. వాటి గుడ్లు, అంటే ఈపులు, ఈక మొదట్లో తెల్లగా ముద్దకట్టి, గంజి ఎండి పట్టుకున్నట్టు గట్టిగా అంటుకొని ఉంటాయి. రెక్కల కింద, మెడ వెనుక, తొడల లోపలి వైపు కూడా చూడాలి.

కోడి మీదే ఎక్కువసేపు ఉండే నల్లుల రకమైతే మలద్వారం దగ్గరి ఈకలు మురికి పట్టినట్టు నల్లబడి, చర్మం మీద పక్కులు కట్టి కనిపిస్తాయి. ఆ ఈకల మీద వేలు పెట్టి పది లెక్కపెట్టి తీస్తే, మిరియపు పొడి రేణువుల్లాంటివి వేలి మీద కదులుతాయి.

పగలు ఏమీ కనిపించకపోయినా కోళ్లు సాయంత్రం గూట్లోకి వెళ్లడానికి మొరాయిస్తున్నాయంటే, చెట్టెక్కి పడుకుంటున్నాయంటే, ఎర్రనల్లిని అనుమానించాలి. చీకటి పడి గంటో రెండు గంటలో అయ్యాక టార్చిలైటు తీసుకొని వెళ్లి, కోళ్లు కూర్చున్న కర్ర అడుగు భాగాన్ని తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ మీద ఎర్రటి చారలు పడితే అవి రక్తం తాగిన నల్లులు నలిగిన మరకలే. గుడ్ల పెంకు మీద సన్నని రక్తపు చుక్కలు కనిపించడం కూడా వాటి ఆనవాలు కావచ్చు.

పైకి కనిపించే లక్షణాలు ఏమిటి?

కోడి ఆపకుండా ముక్కుతో ఈకలు పొడుచుకుంటుంది. గుడ్లు తగ్గుతాయి. బరువు తగ్గి రొమ్ము ఎముక చేతికి తగులుతుంది. నల్లుల బెడద ముదిరితే రక్తం తగ్గి తురాయి పాలిపోతుంది. పిల్లలు, పొదుగు పెట్టలు దీనివల్ల చనిపోవచ్చు కూడా. ఒకటి గమనించాలి: ఆరోగ్యంగా ఉన్న కోడి తన ముక్కుతో తానే ఈకలు సవరించుకుంటూ చాలా పురుగులను ఏరివేసుకుంటుంది. ముక్కు కత్తిరించిన కోళ్లకు ఆ శక్తి తగ్గి పురుగులు పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది. అందువల్ల మందలో ఒక్క కోడికే విపరీతంగా పేలు ఉంటే, ముందు దాని ముక్కు సరిగ్గా ఉందో లేదో, అది వేరే జబ్బుతో నీరసించి సవరించుకోవడం మానేసిందేమో చూడాలి.

పేలకు చికిత్స ఎలా చేయాలి?

పశువైద్యులు సాధారణంగా పెర్మెత్రిన్ పొడిని గాని, డెల్టామెత్రిన్ లేదా సైపర్‌మెత్రిన్ ద్రావణాన్ని గాని సూచిస్తారు. ఒక్కో సీసాలో మందు శాతం ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లు కలపాలన్నది మీరు కొన్న సీసాను వైద్యుడికి చూపించి రాయించుకోవాలి. పక్కింటివారు గేదెకు వాడిన కొలతను కోడికి వాడకూడదు.

పొడి వాడేటప్పుడు కోడిని తలకిందులుగా కాకుండా ఒళ్లో పక్కకు పడుకోబెట్టి, ఈకలను ఎదురుగా నిమురుతూ, మలద్వారం చుట్టూ, రెండు రెక్కల కింద, తోక మొదట్లో, మెడ వెనుక చర్మానికి తగిలేలా వేళ్లతో రాయాలి. పైపైన చల్లిన పొడి కోడి ఒక్కసారి విదిలించుకోగానే నేలపాలవుతుంది. ద్రావణంలో ముంచే పద్ధతైతే, మబ్బులేని రోజు ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య, తల బయట ఉంచి మెడ వరకు ముంచి, ఈకల లోపలికి తడి దిగేలా చేత్తో కలియబెట్టి, వెంటనే ఎండ తగిలే చోట వదలాలి. వానరోజున, చలిరోజున, సాయంత్రం పూట ముంచితే పేలు చస్తాయో లేదో గాని కోడికి మాత్రం ప్రమాదం.

మందలో ఒక్క కోడికి పేలు కనిపించినా అన్నిటికీ అదే రోజు మందు వేయాలి. పుంజును వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. అది అన్ని పెట్టల దగ్గరికీ వెళుతుంది.

మందు వేశాక పోయాయి, పదిహేను రోజులకు మళ్లీ వచ్చాయి. మందు నకిలీదా?

కాకపోవచ్చు. ఈ మందులు పాకే పేలను చంపుతాయే గాని ఈపులను చంపవు. ఈపులు సుమారు నాలుగు నుంచి ఏడు రోజుల్లో పగులుతాయి. ఆ పిల్లపేలు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టేలోపే రెండో విడత మందు పడాలి. అందుకే మొదటి విడత తర్వాత 7 నుంచి 10 రోజుల మధ్య రెండో విడత తప్పనిసరి. బెడద ఎక్కువగా ఉన్నచోట వైద్యులు మూడో విడత కూడా వేయమంటారు. మొదటి విడత వేసిన రోజే గోడ మీద క్యాలెండర్‌లో రెండో తేదీకి సున్నా చుట్టండి. మలద్వారం దగ్గర ముద్దకట్టిన ఈపులున్న ఈకలను కత్తెరతో కత్తిరించి కాల్చేస్తే పని సగం తేలికవుతుంది. వాటిని పీకకూడదు, చర్మం చీలుతుంది.

గూట్లో నల్లులు ఉంటే ఏం చేయాలి?

ముందు చీపురు, తర్వాత వేడినీళ్లు, ఆ తర్వాతే మందు. పాత గడ్డి, ఊక, రెట్ట మొత్తం ఎత్తి గూటికి దూరంగా కాల్చేయాలి. పెంటకుప్ప మీద పారేస్తే నల్లులు తిరిగి వస్తాయి. దండెం కర్రలను ఊడదీసి, గోడలో గుచ్చుకున్న రెండు కొసలనూ చూడండి. బూడిదరంగు పొడి పేరుకున్నట్టు కనిపించేది వాటి గుడ్లు, విడిచిన పొరలు, రెట్ట. మరిగే నీళ్లు ఆ పగుళ్లలో పోయాలి. వేసవిలో విడిభాగాలను రోజంతా ఎర్రటి ఎండలో పడేస్తే చాలా మేలు. ఆ తర్వాత వైద్యుడు చెప్పిన ద్రావణాన్ని కోళ్లు లేనప్పుడు, మేత, నీటి తొట్లు బయట పెట్టి, పగుళ్లలోకి దిగేలా పిచికారి చేసి, పూర్తిగా ఆరాకే కోళ్లను లోపలికి పంపాలి. వెచ్చని వాతావరణంలో నల్లి గుడ్డు నుంచి గుడ్డు పెట్టే దశకు సుమారు వారంలో చేరుకుంటుంది కాబట్టి, పిచికారీని కూడా వారం రోజుల్లో తిరిగి చేయాలి.

మట్టిగోడలకు, ఇటుక గోడలకు పగుళ్లు పూడ్చి చిక్కటి సున్నం కొట్టడం మన పెద్దలు చేసిన మంచి పని. నల్లి దాగే చోటే లేకుండా పోతుంది. అదే కారణంతో, కొత్తగా గూడు కట్టుకునేవారు వెదురు తడికల కన్నా నున్నటి ఇనుప గొట్టాలను, లేదా బెరడు తీసి చిత్రిక పట్టిన కర్రలను దండెంగా వాడటం మంచిదని నా అభిప్రాయం.

పొదుగు పెట్ట గుడ్లు వదిలేసి లేచిపోయింది. నల్లులే కారణమా?

చాలాసార్లు అవే కారణం. ఈ ఒక్క విషయంలో పెంపకందారులు ఎక్కువ జాగ్రత్త పడాలని నా కోరిక, ఎందుకంటే నష్టం ఇక్కడే ఎక్కువ. మన వేడి ప్రాంతాల్లో పొదుగు గంపల్లో పెరిగే నల్లి రకం సుమారు వారంలో ఒక తరం పూర్తి చేసుకుంటుంది. గుడ్డు పొదగడానికి 21 రోజులు. అంటే పెట్ట కదలకుండా, వెచ్చగా, మట్టిస్నానానికి కూడా సరిగా వెళ్లకుండా కూర్చున్న ఆ మూడు వారాల్లో నల్లులు మూడు తరాలు పెరుగుతాయి. మొదటి వారంలో కంటికి ఆననివి మూడో వారానికి గంపంతా ఇసుక పోసినట్టు కదులుతాయి.

మా ఇంట్లో పన్నెండు గుడ్ల మీద పొదగేసిన ఒక పెట్ట పదహారో రోజున లేచి బయట తిరగసాగింది. బలవంతంగా కూర్చోబెడితే మళ్లీ లేచింది. దానికి పొదుగు బుద్ధి తప్పిందనుకున్నాం. గంప ఎత్తి చూస్తే అడుగున ఉన్న గడ్డి పరకల మీద బూడిదరంగు తెర కట్టినట్టు నల్లులు పాకుతున్నాయి, గుడ్ల మీద కూడా పాకుతున్నాయి. అప్పటికి గుడ్లు చల్లబడిపోయాయి. ఒక్క పిల్ల కూడా రాలేదు. పెట్ట తప్పేమీ లేదు, గంపను చూడకపోవడమే మా తప్పు.

పొదగేయడానికి వారం ముందే పెట్టకు చికిత్స చేయండి. గంపను పేడతో అలికి, సందులు పూడ్చి, ఎండలో బాగా ఆరబెట్టాలి. అడుగున ఎప్పుడూ కొత్త గడ్డి వేయాలి. ఏడో రోజున, పద్నాలుగో రోజున పెట్ట మేతకు లేచినప్పుడు గడ్డిని వేలితో కదిపి చూడండి. నల్లులు కనిపిస్తే ఆ రాత్రికే వేరే గంపలో కొత్త గడ్డి పరిచి, గుడ్లను పొడిగుడ్డతో సున్నితంగా తుడిచి మార్చి, పాత గడ్డిని కాల్చేయాలి. పెట్టకు ఏ మందు వేయాలో వైద్యుడిని అడిగి వేయాలి. గుడ్ల మీద మాత్రం ఏ మందూ పిచికారి చేయకూడదు.

అప్పుడే పుట్టిన పిల్లలకు మందు వేయవచ్చా?

పెద్దకోళ్లకు వాడే పొడులు, ద్రావణాలు పిల్లలకు వేయకూడదు. తల్లి రెక్కల కింద దూరినప్పుడు పేలు పిల్లల తల మీదికి చేరుతాయి. తల, మెడ మీద ఉండే పేల వల్ల పిల్లలు కునుకుతూ, రెక్కలు వాల్చి చనిపోతాయి. పూర్వం నుంచి ఉన్న పద్ధతి, పిల్ల తల మీద ఒక్క చుక్క కొబ్బరినూనె వేలితో అద్దడం, ఇప్పటికీ పనికొస్తుంది. ఒక్క చుక్కే, ఒళ్లంతా తడిస్తే పిల్ల చలికి చస్తుంది. అసలు మార్గం తల్లికి ముందే చికిత్స చేయడం.

పత్తికి, వరికి కొట్టే మందు ఇంట్లో మిగిలింది. పలచగా కలిపి వాడవచ్చా?

వాడకండి. మోనోక్రోటోఫాస్ వంటి పంటమందులు పక్షులకు అత్యంత విషపూరితం. పాతతరంవారు కోళ్లకు గమాక్సిన్ పొడి రాసేవారు. అందులో ఉండే బీహెచ్‌సీని మన దేశంలో 1997లో నిషేధించారు. పాత కరపత్రాల్లో కనిపించే కార్బరిల్ పొడిపై కూడా 2018లో నిషేధపు ఉత్తర్వు వచ్చింది. ఎక్కడైనా పాత డబ్బా మిగిలి ఉంటే కోళ్ల దగ్గరికి తేవద్దు.

ఫిప్రోనిల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది వరి మందుగానూ, కుక్కల గోమార్ల మందుగానూ చాలా ఇళ్లలో ఉంటుంది. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో కోళ్లషెడ్లలో ఎర్రనల్లి నివారణకు వాడిన ద్రావణంలో అనుమతి లేని ఫిప్రోనిల్ కలవడంతో అది గుడ్లలోకి చేరింది, యూరప్ అంతటా లక్షలకొద్దీ గుడ్లను అంగళ్ల నుంచి వెనక్కి తీసుకున్నారు. పెట్ట ఒంటికి రాసింది గుడ్డులోకి రాదని అనుకోవడం ఎంత పొరపాటో ఆ ఉదంతం చూపింది.

అనుమతి ఉన్న మందులతో కూడా జాగ్రత్త అవసరమే. డెల్టామెత్రిన్ చేపలకు చాలా ప్రమాదకరం కనుక, ముఖ్యంగా చెరువుల పక్కన ఉండేవారు మిగిలిన ద్రావణాన్ని కాలువలో గాని చెరువులో గాని పారబోయకూడదు. పెర్మెత్రిన్ పిల్లులకు పడదు. చికిత్స చేసిన రోజు ఇంటి పిల్లిని దూరంగా ఉంచండి. మీరు కూడా చేతి తొడుగులు వేసుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని పని చేయండి.

పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ మందు ఇస్తే అన్నీ పోతాయంటారు, నిజమేనా?

అన్నీ పోవు. రక్తం తాగే నల్లుల మీద, కాళ్ల పొలుసుల కింద దూరే నల్లి మీద అది కొంత పని చేస్తుంది. ఈకలు, చర్మపు పొట్టు నమిలే పేల మీద దాని ప్రభావం నమ్మదగినది కాదు. గూటి పగుళ్లలో ఉన్నవాటిని అది తాకదు. పశువులకు వాడే గాఢత నుంచి కోడి బరువుకు లెక్కగట్టేటప్పుడు చుక్క తేడా వచ్చినా మోతాదు మారిపోతుంది కాబట్టి వైద్యుడు చెప్పకుండా ఇవ్వవద్దు.

బూడిద, వేప, వావిలాకు పని చేయవా?

బూడిద పని చేస్తుంది, కాని నివారణగా. కోడికి మట్టిస్నానం స్నానం వంటిదే. నీడపట్టున, వాన తగలని చోట మూరెడు వెడల్పు గుంత తీసి, మెత్తటి ఇసుక, జల్లించి చల్లార్చిన కట్టెల బూడిద కలిపి పోస్తే, కోళ్లు అందులో పొర్లి ఈకల మధ్య సన్నని పొడి నింపుకుంటాయి. ఆ పొడి పురుగు ఒంటి మీది మైనపు పొరను దెబ్బతీసి ఎండబెడుతుంది. తడిసిన బూడిద చర్మాన్ని మండిస్తుంది, కనుక వానాకాలంలో గుంత మీద రేకు కప్పాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో మట్టిస్నానపు తొట్టిలో గంధకం కలిపినప్పుడు పేలు, నల్లులు రెండూ బాగా తగ్గాయి, తొట్టిలోకి దిగని పెట్టల మీద కూడా తగ్గాయి. తట్టెడు ఇసుకకు గుప్పెడు గంధకం పొడి కలిపి చూడవచ్చు. కలిపేటప్పుడు కళ్లలో పడకుండా చూసుకోండి.

వేపాకు, వావిలాకు గంపలో గడ్డి కింద పరచడం మంచి అలవాటే, పురుగును కొంత దూరంగా ఉంచుతుంది. అప్పటికే ముదిరిన బెడదను అవి తగ్గించలేవు. ఇక సీతాఫలం గింజల పొడి, పొగాకు కషాయం సంగతి వేరు. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కోడికైనా మనిషికైనా కనుగుడ్డు దెబ్బతింటుంది. పొగాకులోని నికోటిన్ చర్మం ద్వారా కూడా ఎక్కి కోడిని చంపగలదు. ఈ రెండింటినీ సహజమైనవి కదా అని వాడవద్దు.

కోడి కాళ్ల పొలుసులు లేచి, సున్నం పూసినట్టు గరుకుగా ఉన్నాయి. ఇది వయసు వల్లనా?

కాదు, కాళ్ల పొలుసుల కింద సొరంగాలు చేసుకొని బతికే మరో రకం నల్లి వల్ల. గోరువెచ్చని సబ్బునీళ్లలో కాళ్లను కాసేపు నానబెట్టి, పాత పళ్లబ్రష్‌తో మెల్లగా రుద్ది, ఆరాక వాజలిన్ గాని, కొబ్బరినూనె గాని మందంగా పట్టించాలి. గాలి ఆడక నల్లి చస్తుంది. రెండు మూడు రోజులకొకసారి చొప్పున కొన్ని వారాలు చేయాలి. పొలుసులను గోటితో పీకితే రక్తం వస్తుంది. కిరసనాయిలులో ముంచడం పాత అలవాటు, అది చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి మానుకోవాలి. నల్లులు చచ్చినా కాళ్లు నునుపు తేలడానికి నెలలు పడుతుంది.

గూటి గోడల్లో పెద్దవి, చదునైనవి కనిపిస్తున్నాయి. అవీ నల్లులేనా?

అవి కోడి గోమార్లు కావచ్చు. ఎర్రనల్లి మాదిరే రాత్రి రక్తం తాగి పగలు దాగుతాయి, ఏడాదికి పైగా పస్తు ఉండగలవు, పైగా స్పైరోకీటోసిస్ అనే జ్వరాన్ని అంటిస్తాయి. కోడి ముడుచుకొని, ఆకుపచ్చగా రెట్ట వేస్తూ, కాళ్లు పడిపోతున్నట్టుంటే ఆలస్యం చేయకండి. ముఖం మీద, తురాయి చుట్టూ కదలని నల్లచుక్కలుంటే అవి చర్మానికి అంటుకుపోయే కోడి గెంతుడు పురుగులు (ఫ్లీలు) కావచ్చు. వాటి మీద వాజలిన్ పూసి, గూటి నేలను శుభ్రం చేయాలి.

మనుషులకు అంటుకుంటాయా?

పేలు మనిషి మీద బతకవు. నల్లులు కుడతాయి, దద్దుర్లు, దురద వస్తాయి, కాని మన ఒంటి మీద కాపురం పెట్టవు. స్నానం చేసి, వేసుకున్న బట్టలను వేడినీళ్లలో ఉతికితే చాలు. పడకగది గోడను ఆనుకొని కోళ్లగూడు కట్టవద్దని చెప్పేది ఇందుకే.

మందు వేశాక గుడ్లు, మాంసం తినవచ్చా?

అది మందును బట్టి మారుతుంది. మందు రాయించుకునేటప్పుడే, గుడ్లు ఎన్ని రోజులు, మాంసం ఎన్ని రోజులు ఆపాలో వైద్యుడిని అడిగి సీసా మీద రాసుకోండి. పండక్కి కోయాలనుకున్న పుంజుకు ఆ లెక్క చూసుకోకుండా మందు వేయవద్దు.

సంతలో కొన్న కోడిని వెంటనే మందలో కలపవచ్చా?

రెండు మూడు వారాలు విడిగా, వేరే గంప కింద ఉంచండి. మొదటి రోజే మలద్వారం, రెక్కల కింద, కాళ్లు చూసి, పేలుంటే రెండు విడతల చికిత్స అక్కడే ముగించండి. కాకులు, పావురాలు, పిచ్చుకలు కూడా నల్లులను తెస్తాయి. గూటి కప్పులో వాటి గూళ్లు ఉంటే, అవి ఖాళీ అయ్యాక తీసివేయాలి.

వైద్యుడిని ఎప్పుడు పిలవాలి?

తురాయి తెల్లబడినప్పుడు, పిల్లలు వరుసగా చనిపోతున్నప్పుడు, రెండు విడతల మందు తర్వాత కూడా పురుగులు తగ్గనప్పుడు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సంచార పశువైద్య సేవల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. వెళ్లేటప్పుడు లేదా పిలిచేటప్పుడు, గూట్లో దొరికిన పురుగులు కొన్నిటిని మూత బిగించిన చిన్న సీసాలో వేసి ఉంచండి. ఏది పేనో, ఏది నల్లో, ఏది గోమారో వాటిని చూస్తేనే తేలుతుంది, మందు కూడా దాన్ని బట్టే రాస్తారు.